వేసవి పోరాట చిత్రాలకు కథ కావాలా?

వార్షిక పరీక్షలు ముగిసిన మరునాడు మన కళాశాల క్యాంటీనులో జరిగే చర్చలన్నింటిలోకీ తీవ్రమైనది ఫలితాలను గురించినది కాదు; మొదటి ఆటకు ఏ చిత్రానికి వెళ్ళాలన్నది. గడచిన వేసవిలో అటువంటి చర్చ ఒకటి నా సమక్షంలోనే జరిగింది. ఒక మిత్రుడు కొత్తగా వచ్చిన పోరాట చిత్రం పేరు చెప్పాడు. దానిలో కథ ఏమీ లేదని పత్రికలు వ్రాశాయని మరొకడు అడ్డు తగిలాడు. "కథ కావలసినవాడు గ్రంథాలయానికి పోవచ్చు. బయట ఎండ మండిపోతోంది. లోపల చల్లగా ఉంటుంది, తెర పెద్దది, ఫైట్లు బాగున్నాయట. మెదడును ఇంటివద్ద పెట్టి వస్తే మూడు గంటలు హాయిగా గడిచిపోతాయి" అని మొదటివాడు తీర్పు చెప్పాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, టిక్కెట్టు డబ్బులు కూడా ఇచ్చాను.

ప్రక్క బల్లవద్ద టీ త్రాగుతున్న అధ్యాపకులొకరు లేచి వెళుతూ, "ఇంటివద్ద పెట్టడానికి అసలు ఉండాలి గదా!" అన్నారు. దానికీ నవ్వాము. తరువాత ఆలోచించగా నాకు తోచినదేమంటే, మా మిత్రుడూ ఆ అధ్యాపకులూ ప్రత్యర్థులు కారు, ఒకే పక్షంవారు. పోరాట చిత్రమన్నది బుద్ధితో పనిలేని వస్తువని ఇద్దరికీ ఏకాభిప్రాయమే. ఒకరు ఆ కారణంచేత దానిని ప్రేమిస్తున్నారు. మరొకరు ఆ కారణంచేతనే ఏవగించుకొంటున్నారు. మన సాంస్కృతిక సంఘం ఏటా ప్రదర్శించే చిత్రాల జాబితాలో పోరాట చిత్రానికి చోటు దొరకకపోవడాన్ని బట్టి చూస్తే, కళాశాల సంఘంలోని పెద్దల అభిప్రాయం కూడా ఇంచుమించు ఇదేనని ఊహించవచ్చు. ఈ ఏకాభిప్రాయమే పొరపాటని సవినయంగా మనవి చేయదలచాను.

మేము ఆనాడు చూసిన చిత్రం పేరు ఇక్కడ అప్రస్తుతం. చివరి ముప్పాతిక గంటసేపు ఒక మహానగరం కూలిపోతూనే ఉంది. భవనాలు విరిగాయి, వాహనాలు గాలిలోకి లేచాయి, యంత్రాకారాలు ఒకదానినొకటి చీల్చుకొన్నాయి. ఆ ధ్వనికి మా కుర్చీల చేతులు కూడా కదిలాయి. మా ముందు వరుసలో ఆరేడేళ్ళ బాలుడొకడు తండ్రి ప్రక్కన ఉన్నాడు. మొదట కుర్చీమీద నిలబడి చూసినవాడు క్రమంగా కూర్చున్నాడు, తరువాత పాప్‌కార్న్ పొట్లం అడుగు వెదకడంలో నిమగ్నుడయ్యాడు, చివరకు తండ్రి చెవిలో, తాను రహస్యమనుకొన్నంత గట్టిగా, "నాన్నా, వీళ్ళలో మనవాళ్ళెవరు?" అని అడిగాడు. తండ్రి తెరవంక కొంతసేపు పరిశీలనగా చూసి, "ఉండు, చూద్దాం" అన్నాడు. చిత్రం ముగిసేవరకు ఆయనకు ఆ సంగతి తేలినట్లు లేదు.

నేను చదివిన సమీక్షలన్నింటికంటె ఆ బాలుని ప్రశ్న సూటిగా ఉంది. పోరాటం చూడడానికి వచ్చిన పసివానికి ఆ పోరాటమే విసుగు పుట్టించింది. ఎందుచేత?

"సర్కస్‌కు కథ లేదు గదా, అయినా చూస్తున్నాము గదా" అని మా మిత్రుడు వాదించాడు. ఈ వాదం తేలికగా కొట్టివేయదగినది కాదు. సర్కస్ డేరాలో ఒక ఊయలను విడిచి మరొక ఊయలను అందుకొనే పిల్ల పేరు మనకు తెలియదు; ఆమె పగ ఏమిటో, ప్రేమ ఏమిటో తెలియదు. ఎగ్జిబిషన్‌లో 'మౌత్ కా కువా' అని బోర్డు పెట్టిన చెక్కబావి గోడలమీద మోటారు సైకిలు నడిపేవాడు మనకు ఏ కథా చెప్పడు. అయినా ఊపిరి బిగబట్టి చూస్తాము. కారణం స్పష్టమే. ఆ పిల్ల నిజంగా పడిపోవచ్చు. ఆ చక్రం నిజంగా జారవచ్చు. అక్కడ ప్రమాదం నిజమైనది గనుక దానికి వేరే ఆసరా అక్కరలేదు.

సినిమాలో సంగతి వేరు. లోయమీద వ్రేలాడుతున్న కథానాయకుడు సాయంత్రం షూటింగు ముగించుకొని క్షేమంగా ఇంటికి వెళ్ళాడని టిక్కెట్టు కొన్న ప్రతివానికీ తెలుసు. వచ్చే వేసవికి అతని మరో చిత్రం ప్రకటించబడి ఉందని కూడా తెలుసు. అంటే తెరమీది ప్రమాదం పుట్టుకతోనే అబద్ధం. ఆ అబద్ధానికి ప్రాణం పోసేది ఒక్కటే. ఆ మనిషి పడిపోతే ఎవరు అనాథ అవుతారో, ఏ మాట తప్పిపోతుందో, ఏ ఊరు మునిగిపోతుందో మనకు ముందుగా తెలిసి ఉండడం. దానినే నేను కథ అంటున్నాను. సర్కస్‌కు సత్యం ఇచ్చే భయాన్ని సినిమాకు కథ అప్పు ఇస్తుంది. కంప్యూటరు సహాయంతో ఎంతటి విధ్వంసాన్నైనా కల్పించగల ఈనాడు ఆ అప్పు మరింత అవసరమైంది. ఒకప్పుడు తెరమీద ఒక కారు దొర్లితే, ఎవడో ఒక సాహసి దానిలో కూర్చొని దొర్లించాడన్న గౌరవమైనా ఉండేది. ఈనాడు నూరు కార్లు దొర్లినా ప్రేక్షకుడు కంప్యూటరును తలచుకొని ఊరుకొంటున్నాడు. టామ్ క్రూజ్ వంటి కొద్దిమంది నటులు తమ సాహసాలను తామే చేస్తామని పట్టుబట్టడంలోని రహస్యం ఇదే. 2018 జూలైలో విడుదలైన 'మిషన్ ఇంపాజిబుల్ - ఫాల్ అవుట్' కోసం లండన్‌లో ఒక భవనంనుండి మరొక భవనానికి దూకుతూ ఆయన చీలమండ విరిగింది; ఆ దెబ్బ తగిలిన దృశ్యాన్నే చిత్రంలో ఉంచారు. అక్కడ మనం చూస్తున్నది సగం సినిమా, సగం సర్కస్.

వేసవి చిత్రమనే సంప్రదాయానికి మూలపురుషుడని అందరూ ఒప్పుకొనే చిత్రాన్నే పరిశీలిద్దాము. స్టీవెన్ స్పీల్‌బర్గ్ దర్శకత్వం వహించిన 'జాస్' 1975 జూన్ 20వ తేదీన అమెరికాలో నాలుగు వందలకు పైగా థియేటర్లలో ఒకేసారి విడుదలైంది. దర్శకునికి అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు. మనుషులను తినే పెద్ద సొరచేప ఒకటి సముద్రతీరంలో ప్రత్యక్షమవుతుంది. ముగ్గురు మగవాళ్ళు పడవమీద దానిని వేటాడతారు. ఇంతే అయితే ఇది కూడా సర్కస్సే. అయితే ఆ చిత్రానికి ఒక అదృష్టకరమైన దురదృష్టం తటస్థించింది. వారు తయారు చేయించిన యాంత్రిక సొరచేప ఉప్పునీటిలో మాటిమాటికీ చెడిపోయింది. 55 రోజులలో ముగియవలసిన చిత్రీకరణ 159 రోజులు సాగింది. చూపించడానికి చేప లేదు గనుక దర్శకుడు దానిని దాచాడు. సగానికి పైగా చిత్రం నడిచినదాకా ప్రేక్షకునికి అది నిండుగా కనబడదు. ఆ ఖాళీని ఏమితో నింపాలి? మనుషులతో నింపాడు.

ఆ ఊరు వేసవి యాత్రికుల మీద బ్రతికే చిన్న ద్వీపం. జూలై 4వ తేదీ పండుగకు జనం రాకపోతే దుకాణాలు ఆ ఏడాదంతా పస్తులే. అందుకే, చేప సంగతి తెలిసినా తీరాన్ని మూసివేయనివ్వడు మేయరు. పోలీసు అధికారి బ్రాడీకి నీళ్ళంటే భయం. పైగా ఊరికి క్రొత్తవాడు, మేయరు మాట కాదనలేకపోయాడు. ఒక బాలుడు బలి అయ్యాడు. నల్లదుస్తులలో వచ్చిన ఆ బాలుని తల్లి జనం చూస్తుండగా బ్రాడీ చెంపమీద కొడుతుంది. అంత పెద్ద చేప ఉన్న చిత్రంలో, నా లెక్కకు, అన్నింటికంటె బలమైన దెబ్బ అది. చిత్రం ద్వితీయార్ధంలో బ్రాడీ పడవ ఎక్కుతాడు. నీళ్ళంటే భయపడే మనిషి నడిసముద్రంలోకి ఎందుకు వెళుతున్నాడో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ చెంపదెబ్బ చెప్పింది. ఆపైన చేప నోరు తెరచిన ప్రతిసారీ మనం భయపడేది రబ్బరు చేపను చూసి కాదు.

ఈ పడవలోనే ఒక రాత్రి ముగ్గురూ త్రాగి తమ ఒంటిమీది పాత గాయాలను ఒకరికొకరు చూపించుకొని నవ్వుకొనే ఘట్టం ఉంది. వారిలో ముసలి జాలరి తాను రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1945లో, మునిగిపోయిన ఇండియానాపోలిస్ అనే నౌకలో ఉన్నాననీ, నీటిలో పడిన సహచరులను సొరచేపలు ఎలా తిన్నాయో చూశాననీ చెబుతాడు. ఆ నౌక మునక చరిత్రలో జరిగినదే. కొన్ని నిమిషాలపాటు తెరమీద కూర్చున్న మనుషులు తప్ప మరేమీ లేదు. నవ్వు ఎప్పుడు ఆగిందో కూడా మనకు తెలియదు. 'ఫైట్లు చాలు' అనే మిత్రులు ఈ ఘట్టాన్ని తొలగించి ఆ చిత్రాన్ని చూసుకోవచ్చు. చేపకు దంతాలు ఊడిపోతాయి.

అయితే నా వాదానికి ఎదురు నిలిచే సాక్ష్యం కూడా ఉన్నది. దానిని దాచడం న్యాయం కాదు. 2007 నవంబరు నుండి 2008 ఫిబ్రవరి వరకు హాలీవుడ్ రచయితలు సమ్మె చేశారు. సరిగా ఆ సమయంలోనే 'ట్రాన్స్‌ఫార్మర్స్' రెండవ భాగానికి సన్నాహాలు జరుగుతున్నాయి. రచయితలు సమ్మెకు ముందు ఇచ్చిపోయిన స్థూలమైన కథను పట్టుకొని దర్శకుడు మైకేల్ బే పోరాటాల ఏర్పాటు చేసుకొన్నాడు. 2009 జూన్‌లో విడుదలైన ఆ చిత్రాన్ని విమర్శకులు చీల్చి చెండాడారు. అది ప్రపంచవ్యాప్తంగా 80 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. 2011లో, 2014లో వచ్చిన తరువాతి రెండు భాగాలూ ఒక్కొక్కటి 100 కోట్ల డాలర్లు దాటాయి. కథ లేకుండా డబ్బు వస్తుందా అన్న ప్రశ్నకు ఇంతకంటె స్పష్టమైన సమాధానం ఉండదు: వస్తుంది.

కాని మన ప్రశ్న డబ్బును గురించి కాదు, వినోదాన్ని గురించి. టిక్కెట్టు కొన్నవాడు లోపలికి వెళ్ళకముందే డబ్బు ఇచ్చేస్తాడు. వినోదం లెక్క బయటికి వచ్చిన తరువాత గాని తేలదు. పోస్టరు, ప్రచారం, చల్లని హాలు, మిత్రుల ఒత్తిడి (టిక్కెట్టు డబ్బులు నేనే ఇచ్చానన్న సంగతి మరువలేదు) ఇవన్నీ ఆ మొదటి లెక్కకు సంబంధించినవి. ఆ పరంపరలో ఐదవ భాగం 2017లో వచ్చి దాదాపు 60 కోట్ల డాలర్లవద్ద ఆగిపోయింది. యంత్రాలు తగ్గలేదు, పేలుళ్ళు తగ్గలేదు. ప్రేక్షకుల ఓపిక తగ్గింది. దానికి పది సంవత్సరాలు పట్టిందన్న మాట నిజమే. జనం ఎంత ఉదారులో దీనినిబట్టి తెలుస్తుంది.

మరొక చిక్కు ఉన్నది. కథ లేని చిత్రమని మనం ఏవగించుకొనే చిత్రాలలో చాలావాటికి కథ తక్కువ కాదు, మితిమీరి ఉంటుంది. పురాతన కాలపు తాళంచెవి, దానిని దాచిన సమాధి, సమాధిని కాపాడే రహస్య సంఘం, వారికి తెలిసిన భవిష్యవాణి, మధ్యలో ఒక ద్రోహి, ఆ ద్రోహికి మరో ద్రోహి. పాత్రలు పరుగెత్తుతూ ఈ వివరాలు ఒకరికొకరు అరిచి చెప్పుకొంటారు. పరీక్ష హాలులోకి వెళ్ళబోతూ గుమ్మంవద్ద నోట్సు తిరగవేసే విద్యార్థుల అవస్థ అది. ఇంత ఉన్నా ముందు వరుసలోని బాలునికి మనవాళ్ళెవరో తెలియలేదు. కనుక కథ అంటే సంఘటనల బరువు కాదు.

దీనికి ఎదురుగా 'మ్యాడ్ మ్యాక్స్ - ఫ్యూరీ రోడ్' ను నిలబెట్టి చూడండి. జార్జ్ మిల్లర్ తీసిన ఈ చిత్రం 2015 మే నెలలో వచ్చింది. చాలా భాగం నమీబియా ఎడారిలో చిత్రించారు. దాని కథను ఒక వాక్యంలో చెప్పవచ్చు: ఒక బండి వెళుతుంది, వెనుదిరిగి వస్తుంది. వ్రాసిన సంభాషణలకంటె గీసిన బొమ్మలు ఎక్కువ; దాదాపు 3,500 బొమ్మలుగా ముందు కథను గీసుకొన్నారు. రెండు గంటల చిత్రంలో హెచ్చుభాగం వెంటాటమే. మా మిత్రుని దృష్టిలో ఇది కథలేని చిత్రాలకు మకుటం కావాలి. కాని జరిగినదేమిటి? నీటిని గుప్పిట పట్టి జనాన్ని బానిసలుగా చేసుకొన్న ఒక క్రూరుని చెరనుండి, అతని బిడ్డలను కనడానికి బంధింపబడిన ఐదుగురు స్త్రీలను దాచుకొని ఫ్యూరియోసా అనే స్త్రీ పెద్ద లారీలో పారిపోతుంది. చిన్ననాడు తనను ఎత్తుకువచ్చిన పచ్చని చోటికి వారిని చేర్చాలి. తీరా వెళ్ళేసరికి ఆ పచ్చని చోటు బురదగుంటయై ఎప్పుడో నశించింది. ఆమె ఇసుకలో మోకాళ్ళమీద కూలబడుతుంది. ఒక్క నిమిషం దృశ్యం. తరువాత వచ్చినదారినే వెనుకకు మళ్ళుతారు. అదే ఎడారి, అవే బండ్లు, అదే శత్రువు. కాని పోయేటప్పటి పోరాటం పారిపోవడానికి చేసినది; వచ్చేటప్పటిది ఊరిని చేజిక్కించుకోవడానికి చేసినది. ఒకే దారి రెండు అర్థాలనిచ్చింది. ఆ చిత్రానికి పది ఆస్కార్ నామినేషన్లు, ఆరు బహుమతులు వచ్చాయి. వసూళ్ళు మాత్రం నేను పైన చెప్పిన యంత్రాల చిత్రాలలో ఏ ఒక్కదానికీ సాటిరావు. ఉన్న సంగతి చెప్పాను.

ఈ పోయిరావడమనే అమరిక మిల్లర్‌తో పుట్టినది కాదు. 1926లో బస్టర్ కీటన్ 'ది జనరల్' అనే మూకీ చిత్రంలో ఒక రైలింజనును దొంగిలించుకుపోయిన శత్రువులను తరుముతూ వెళ్ళి, దానిని తిరిగి తెచ్చుకొంటూ శత్రువులచే తరుమబడ్డాడు. మాటలే లేని చిత్రం. అయినా ఆ ఇంజను అతనికి ప్రాణమని, అతడు ప్రేమించిన పిల్ల అతనిని పిరికివాడనుకొంటున్నదని మొదటి పది నిమిషాలలో మనకు తెలిసిపోతుంది. ఇక ఆ ఇంజను ప్రక్కన అతడు వేసే ప్రతి పరుగూ మనదే. ఈ చిత్రాన్ని ఆనాటి ప్రేక్షకులు ఆదరించలేదన్నది వేరే విషాదం.

బ్రూస్ లీ సంగతి ఏమిటని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. 'ఎంటర్ ది డ్రాగన్' అమెరికాలో 1973 ఆగస్టులో విడుదలయ్యేనాటికి ఆయన మరణించి నెల గడిచింది. ఒక ద్వీపంలో పోటీలు జరుగుతాయి, దాని యజమాని మత్తుమందుల వ్యాపారి, అతనిని పట్టుకోవాలి. కథ అగ్గిపెట్టెమీద వ్రాయవచ్చు. అయినా ఆ అద్దాల గదిలో పోరాటాన్ని నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అక్కడ నాకు కథ గుర్తు రాదు. సాధన చేసిన శరీరం ఒక్కొక్కప్పుడు తానే విద్వత్తు. మంచి రాగాలాపనకు సాహిత్యం అక్కరలేనట్లే దానికీ కథ అక్కరలేదు. ఈ మినహాయింపును నేను మనఃపూర్వకంగా ఒప్పుకొంటాను. కాని అటువంటి శరీరం తరానికి ఒకటి రెండు పుడతాయి. అంతేగాక, అదే చిత్రంలో తన సోదరి మరణానికి కారకుడైన వానిని చంపిన క్షణంలో బ్రూస్ లీ ముఖాన్ని దర్శకుడు దగ్గరగా చూపించాడు. దానిలో విజయగర్వం లేదు. ఏదో పగిలిపోయిన బాధ ఉంది. కాపలావాళ్ళను వందమందిని కొట్టిన దృశ్యాలలో ఆ ముఖం రాలేదు.

ఇక మన దేశానికి వద్దాము. 1975 ఆగస్టు 15న 'షోలే' విడుదలైంది. వేసవి చిత్రం కాదు గాని పోరాట చిత్రాల ముచ్చట దానిని విడిచి సాగదు. మొదటి వారాలలో నిరాశపరచిన ఆ చిత్రం తరువాత బొంబాయిలోని మినర్వా థియేటరులో ఐదేళ్ళు ఆడింది. డెబ్బై మిల్లీమీటర్ల తెర, గుర్రాలు, తుపాకులు, రైలు దోపిడి అన్నీ ఉన్నాయి. కాని జనం ఇంటికి ఏమి కొని తీసుకువెళ్ళారు? పాటల రికార్డులకు తోడు, ఆ చిత్రం సంభాషణలతో పాలిడార్ కంపెనీ విడిగా రికార్డు వేయవలసివచ్చింది. హోటళ్ళలో, పెళ్ళిపందిళ్ళలో ఆ రికార్డు మ్రోగేదని పెద్దలు చెబుతారు. ఆలోచించండి. ఒక పోరాట చిత్రాన్ని, దానిలో ఒక్క పోరాటమైనా కంటికి కనబడకుండా, జనం డబ్బిచ్చి కొని మళ్ళీ మళ్ళీ విన్నారు! సలీం, జావేద్ అనే ఇద్దరు రచయితల ప్రతిభకు ఇంతకంటె యోగ్యతాపత్రం ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వలేదు. ఠాకూరు శాలువ కప్పుకొని ఎందుకు తిరుగుతాడో తెలిసిన క్షణం, నాణెం రెండు ప్రక్కలా ఒకే బొమ్మ ఉన్నదని తెలిసిన క్షణం, ఈ రెండింటిలోనూ తుపాకి పేలలేదు. ఆ చిత్రంలోని తుపాకులన్నీ ఈ రెండు క్షణాల చుట్టూ పేలాయి.

ఆకాశవాణివారు ప్రసారం చేసిన సంక్షిప్త శబ్దచిత్రాలను విన్నవారికి ఈ పరీక్ష క్రొత్త కాదు. కళ్ళు మూసుకొన్నా నిలబడేదే కథ. అయితే ఈ పరీక్షను మూఢంగా పట్టుకోరాదు. 'ఫ్యూరీ రోడ్' ను రేడియోలో వినిపిస్తే ఇంజన్ల మోత తప్ప ఏమీ మిగలదు. చెవికి అందే కథ ఉంటుంది, కంటికి మాత్రమే అందే కథా ఉంటుంది.

నిజానికి ఈ సమస్య సినిమాకంటె పాతది. మన కళాశాలలో ఉర్దూ సాహిత్యం చదివే మిత్రులు నాకంటె బాగా ఎరుగుదురు: దాస్తాన్‌కు నాలుగు అంగాలని చెబుతారు - రజ్మ్, బజ్మ్, తిలిస్మ్, అయ్యారీ. యుద్ధం, కొలువు, మాయ, జిత్తులమారితనం. మన వేసవి చిత్రాలు వీటిలో మొదటిదానిని, మూడవదానిని తీసుకొని తక్కిన రెండింటినీ పారవేశాయని చెప్పవచ్చు. లక్నోలో నవల్ కిశోర్ ముద్రణాలయం 1883 నుండి సంపుటాలుగా ప్రకటించిన 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా' లో మాంత్రికులకూ వీరులకూ జరిగే యుద్ధాలకు అంతు లేదు. ఒక మాంత్రికుడు వస్తాడు, సవాలు చేస్తాడు, వీరులను బంధిస్తాడు, వారు విడిపించబడతారు; మరొక మాంత్రికుడు వస్తాడు. మన అధ్యాపకుల కొలతకు ఇది మంచి కథ కాదు. మరి వేల పుటలు జనం ఎట్లా విన్నారు, చదివారు? అమర్ అయ్యార్ ఉన్నాడు గనుక. ఎంత సంపాదించినా చాలదనే పిసినారి. ప్రపంచమంతా పట్టే సంచిలో దొరికినదంతా వేసుకొనేవాడు. అయినా తన ప్రభువు హంజా కోసం ప్రాణమిస్తాడు. మాంత్రికుడు ఎంతటివాడైనా మనకు ఆతురత అమర్ ఈసారి ఏ వేషంలో వస్తాడా అని. కథ క్రొత్తది కానక్కరలేదు. దానిలో మనవాడొకడు ఉండాలి.

తెలుగువారికి బుర్రకథ ఉండనే ఉంది. పద్మశ్రీ (1986) షేక్ నాజర్ 'పల్నాటి యుద్ధం' చెప్పేటప్పుడు ఆయనవద్ద ఉన్న సైన్యం ఎంత? భుజాన తంబుర, వ్రేళ్ళకు అందెలు, చెరొక ప్రక్క గుమ్మెటతో ఒక వంత. ఒక్క అడుగు ముందుకు, ఒక్క అడుగు వెనుకకు. కారంపూడి రణరంగమంతా ఆ అడుగులలోనే. అంతకుముందు మాంచాల తన భర్త బాలచంద్రుని యుద్ధానికి సాగనంపిన ఘట్టాన్ని విని ఉన్నారు గనుకనే శ్రోతలకు ఆ ఒక్క అడుగులో కత్తి కనబడేది. ఈనాడు మనవద్ద లక్ష కత్తులు చూపే సాధనం ఉంది.

ఆ సాధనాన్నీ, మాంచాలనూ రెండింటినీ ఉంచుకోవచ్చునని మన తెలుగు చిత్రమే నిరూపించింది. 2015 జూలై 10న వచ్చిన 'బాహుబలి' మొదటి భాగంలో కాలకేయులతో సుదీర్ఘమైన యుద్ధం ఉంది. దానిని సాంకేతిక విన్యాసంగానే పొగడినవారు ఒక సంగతి మరచారు. ఆ యుద్ధం ఒక పందెం: శత్రురాజును చంపినవానికి సింహాసనం. శత్రువులు బందీలైన ప్రజలను అడ్డుగా నిలబెట్టినప్పుడు ఒక అన్న వారిని త్రొక్కుకొంటూ పోయాడు. తమ్ముడు వారిని కాపాడడానికి ఆగాడు. చివరకు రాజును చంపినది అన్న. సింహాసనం దక్కినది తమ్మునికి. ఇంత అర్థం ఇమిడ్చారు గనుకనే అది మోత కాక యుద్ధమైంది. అయినా హాలు వెడలి వచ్చిన జనం ఆ యుద్ధాన్ని కూడా తలచుకోలేదు. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ఒక్క ప్రశ్నను ఇంటికి తీసుకుపోయారు. 2017 ఏప్రిల్ 28 వరకు, అంటే రెండు వేసవులు నిండేవరకు, దేశమంతా దానిని అడిగింది. రెండవ భాగం వెయ్యి కోట్ల రూపాయల వసూళ్ళు దాటిన తొలి భారతీయ చిత్రమైంది. పసిపిల్లవాడు "తరువాత ఏమైంది?" అని అడిగే ప్రశ్నే అది, కొంచెం పెద్ద గొంతుతో.

మెదడును ఇంటివద్ద పెట్టి రమ్మనే మాట మొదట ఎవరు అన్నారో గాని, అది ప్రేక్షకుని సౌకర్యార్థం పుట్టినది కాదని నా అనుమానం. సరుకు బాగాలేనప్పుడు కొట్టువాడు కొనేవానినే తప్పుపట్టే విధం అది. ఎండలో రోజంతా పనిచేసి వచ్చినవానికి అలసిపోయిన శరీరం ఉంటుంది గాని, మెదడు లేకుండా పోదు. అతనికి తేలికైన కథ కావచ్చు, చెడ్డ కథ ఎందుకు కావాలి?

మన కళాశాల సంఘానికి నేను చేసుకొనే విన్నపం చిన్నది. వచ్చే సంవత్సరం చిత్రప్రదర్శనల జాబితాలో గంభీరమైన చిత్రాలకు తోడు ఒక్క పోరాట చిత్రానికి చోటివ్వండి. 'జాస్' అయినా సరే, 'షోలే' అయినా సరే. ప్రదర్శన ముగిసిన తరువాత అరగంటసేపు విద్యార్థులను మాట్లాడనివ్వండి. పోయిన వార్షికోత్సవంలో మనవాళ్ళు వేసిన నాటికలో అట్టకత్తుల యుద్ధం పది నిమిషాలు సాగింది. సభ మొదటి రెండు నిమిషాలు చప్పట్లు కొట్టి, తరువాత నవ్వసాగింది. ఆ నాటిక వ్రాసినవాడు నాకు ఆప్తుడు. ఆ యుద్ధం ఎందుకు నవ్వు తెప్పించిందో అతనికి ఎవరూ చెప్పలేదు. పాఠ్యగ్రంథాలలోనూ అది దొరకదు. మాకందరికీ ఆ అరగంట అవసరం.

సలీం, జావేద్‌ల 'జంజీర్' 1973 మే నెలలో, నిండు వేసవిలో, విడుదలైంది. ఆ రోజులలో పోస్టరుమీద రచయితల పేరు వేసే ఆచారం లేదు. వారిద్దరూ ఒక పెయింటరుకు డబ్బిచ్చి బొంబాయి గోడలమీది పోస్టర్లపై తమ పేర్లు వేయించారు. ఆ సంగతి చదివిననాటినుండి నేను పోస్టరువద్ద ఆగి ముందుగా కథ ఎవరిదో చూస్తున్నాను. చాలా పోస్టర్లలో ఆ అక్షరాలు ఎంత చిన్నవంటే, టిక్కెట్ల వరుసలో నా వెనుక నిలబడిన మా మిత్రుడు, "ఎండలో ఏమిట్రా ఆ పరిశోధన, ముందుకు నడు" అని తోస్తూ ఉంటాడు.